సైన్స్ కాంగ్రెస్‌కి మా పిల్లల కరెంటు ప్రాజెక్టు: టేబుల్ మీద ఏం పెట్టాలి?

బడి_భౌతికం (జగిత్యాల జిల్లా), మొదటి రోజు, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఊళ్లో ఫ్యాన్లు, బల్బులు ఎంత కరెంటు తింటున్నాయో లెక్క తీశారు. రెండు నెలలపాటు ఆదివారాలు 32 ఇళ్లు తిరిగారు. ఏ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు, రోజుకు ఎన్ని గంటలు తిరుగుతాయి, రెగ్యులేటర్ పాత డబ్బానా కొత్త చిన్న గుండీనా, కిందటి నెల బిల్లులో ఎన్ని యూనిట్లు పడ్డాయి, అన్నీ ఒక 200 పేజీల నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్నారు.

ఇంకో పది రోజుల్లో జిల్లా స్థాయి బాలల సైన్స్ కాంగ్రెస్. రిపోర్టు దాదాపు అయిపోయింది. టేబుల్ దగ్గరే ఆగిపోయాం. స్టాఫ్ రూంలో అందరూ థర్మకోల్‌తో ఊరు కట్టించండి, వీధి దీపాలు వెలిగించండి, చిన్న సోలార్ ప్యానెల్ పెట్టండి అంటున్నారు. హెడ్మాస్టర్ గారు మూడు వేల దాకా ఖర్చు పెట్టుకోమన్నారు. నాకేమో పిల్లలు చేసిన పనికీ ఆ థర్మకోల్ ఊరికీ సంబంధం కనిపించడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దారి చూపండి.

గైడ్_టీచర్_కరీంనగర్, రాత్రి 10:15

సార్, మీ అనుమానం నిజమే. సైన్స్ ఫెయిర్ వేరు, సైన్స్ కాంగ్రెస్ వేరు. ఫెయిర్‌లో మోడలే ముఖ్యం. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993లో మొదలైనప్పటి నుంచీ అడిగేది వేరు: 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ చుట్టూ ఉన్న ఒక సమస్య తీసుకుని, స్వయంగా కొలిచి, ఏం తేలిందో చెప్పాలి. 2012, 2013లో ప్రధాన అంశమే 'శక్తి'. ఆ రెండేళ్లూ నేను పిల్లల్ని తీసుకెళ్లాను. మోడల్ లేకుండా, చార్టులు, నోట్‌బుక్కు పట్టుకొచ్చిన పిల్లలతో జడ్జీలు చాలాసేపు మాట్లాడటం కళ్లారా చూశాను.

మీ దగ్గర 32 ఇళ్ల లెక్క ఉంది కదా. అంతకన్నా ఏం కావాలి? థర్మకోల్ మాట మర్చిపోండి.

మోడల్_మాస్టారు (కోరుట్ల), రాత్రి 10:50

కరీంనగర్ సార్‌తో సగమే ఏకీభవిస్తాను. పదిహేనేళ్లుగా పిల్లల్ని తీసుకెళ్తున్నా. హాల్లో వరసగా టేబుళ్లు ఉంటాయి. మధ్యాహ్నానికి జడ్జీలు అలసిపోతారు. చూడటానికి వచ్చే వేరే బడి పిల్లలైతే కదిలేది, వెలిగేది ఉన్న చోటే ఆగుతారు. గోడ నిండా రాత ఉంటే దాటిపోతారు. మా అమ్మాయి ఒకతి వర్షపు నీటి మీద చక్కటి పని చేసి, రోజంతా టేబుల్ వెనక ఒక్కతే కూర్చుని ఏడుపు ముఖంతో ఇంటికొచ్చింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

థర్మకోల్ ఊరు వద్దంటే వద్దు, సరే. కానీ టేబుల్ మీద ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి.

విశ్రాంత_ఏఈ, రెండో రోజు, ఉదయం 6:20

విద్యుత్ శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. జరుగుతూ ఉండే వస్తువు మీ ప్రాజెక్టులోనే ఉంది సార్. అది కరెంటు మీటరు.

మీ ఇంటి మీటరు దగ్గర నిలబడి చూడండి. ముందు వైపు ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. దాని పక్కనే 3200 ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్ అని సన్న అక్షరాలతో ఉంటుంది. కొన్నిటికి 1600, కొన్నిటికి 6400. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. 3200తో భాగించండి, ఒక్కో మెరుపుకు 1125 జౌళ్లు.

75 వాట్ల మామూలు ఫ్యాన్ ఒక్కటే నడుస్తుంటే సరిగ్గా 15 సెకన్లకు ఒకసారి మెరుస్తుంది. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) అయితే 40 సెకన్లకు ఒకసారి. ఈ తేడా చూపించడానికి ఏ మోడలూ అక్కర్లేదు, చేతి గడియారం చాలు.

ఎలక్ట్రికల్ షాపులో సింగిల్ ఫేజ్ సబ్ మీటర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అదొకటి కొనండి. శాఖ వాళ్లు బిగించిన మీటరుకు సీలు ఉంటుంది, దాన్ని పిల్లలు గానీ మీరు గానీ ముట్టుకోకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఈఈఈ_మూడో_ఏడాది, ఉదయం 8:05

ఏఈ సార్ ఐడియా అద్భుతం. ఒక చిన్న జాగ్రత్త. స్విచ్ వేసిన క్షణం నుంచి లెక్కపెట్టొద్దు. అంతకుముందు వాడిన కరెంటుతో మీటరు లోపల లెక్క సగం నిండి ఉండొచ్చు, మొదటి మెరుపు తొందరగా వచ్చేస్తుంది. మొదటి మెరుపు కనిపించగానే స్టాప్‌వాచ్ నొక్కండి, ఆ తర్వాత పది మెరుపులు లెక్కపెట్టి ఆపండి, పదితో భాగించండి. వేలు ఆలస్యంగా నొక్కినా తప్పు పదో వంతు అయిపోతుంది. ఇలా ఎందుకు చేశారో పిల్లలు చెప్పగలిగితే జడ్జీ దగ్గర అదే పెద్ద మార్కు.

1125ని సెకన్లతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. చార్టు మీద రాయాల్సిన సూత్రం ఇదొక్కటే.

తొమ్మిదో_క్లాసు_అమ్మ, ఉదయం 11:30

మా అబ్బాయి కూడా ఇదే కాంగ్రెస్‌కి వెళ్తున్నాడు, వేరే బడి. ఒక తల్లిగా అడుగుతున్నా. టేబుల్ మీద 230 వోల్టులు పెట్టుకుని పిల్లలు రోజంతా నిలబడతారా? అటూ ఇటూ చిన్నపిల్లలు తిరుగుతుంటారు. సీలింగ్ ఫ్యాన్ అక్కడ ఎలా వేలాడదీస్తారు?

విశ్రాంత_ఏఈ, మధ్యాహ్నం 1:10

అమ్మా, మంచి ప్రశ్న, ముందే చెప్పాల్సింది నేను.

ఫ్యాన్ టేబుల్ మీదికి వద్దు. ఫ్యాన్ కొలత బడిలోనే చేసి, ఫొటోలు, లెక్కలు చార్టు మీద పెట్టాలి. టేబుల్ మీద రెండు బల్బులు చాలు: ఒకటి 60 వాట్ల పాత గుండు బల్బు, ఒకటి 9 వాట్ల ఎల్‌ఈడీ. వెలుతురు దాదాపు ఒకేలా ఉంటుంది. గుండు బల్బు అయితే మీటరు సుమారు 19 సెకన్లకు మెరుస్తుంది. ఎల్‌ఈడీ అయితే రెండు నిమిషాల ఐదు సెకన్లు పడుతుంది.

బిగింపు ఇలా చేయించండి. చెక్క పలక మీద మీటరు, రెండు హోల్డర్లు, రెండు స్విచ్‌లు, ముందు ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్). వైర్లన్నీ పలక వెనక కేసింగ్‌లో పోవాలి, టెర్మినల్ మూత స్క్రూలతో బిగించి ఉండాలి, బయటికి రాగి తీగ ఒక్క పోగు కూడా కనిపించకూడదు. మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. మీటరు మూత లోపల బొమ్మ గీసి ఉంటుంది, ఏ తీగ ఎక్కడో దాని ప్రకారమే. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. పిల్లలు చేసేది స్విచ్ వేయడం, లెక్కపెట్టడం. గుండు బల్బు చుట్టూ ఇనుప జాలీ పెట్టించండి, చాలా వేడెక్కుతుంది. నిర్వాహకుల దగ్గర ముందే అనుమతి తీసుకోండి. కుదరదంటే మీటరు మెరుపుల వీడియో తీసుకుని ట్యాబ్‌లో చూపించవచ్చు, దానివల్ల ప్రాజెక్టు విలువ ఏమీ తగ్గదు.

మోడల్_మాస్టారు, మధ్యాహ్నం 1:45

నేనడిగింది సరిగ్గా ఇదే. ఒక్క మాట. ఎల్‌ఈడీ మెరుపు కోసం రెండు నిమిషాలు ఎవరూ ఆగరని మీరు భయపడొచ్చు. భయపడకండి. పిల్ల స్టాప్‌వాచ్ చేతికిచ్చి "మీరే చూడండి సార్" అంటే మనిషి ఆగుతాడు. ఆ రెండు నిమిషాల్లోనే మీ పిల్లలు 32 ఇళ్ల కథ చెప్పేయొచ్చు.

బడి_భౌతికం, రెండో రోజు, రాత్రి 9:20

ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఈరోజు సాయంత్రమే సబ్ మీటర్ కొన్నాం. మా ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గరుండి ఎనిమిదో తరగతి గదిలో ఫ్యాన్‌కి కలిపాడు. 3200 మీటరే. మొదటి మెరుపు దగ్గర నొక్కి, పది మెరుపులకు 158 సెకన్లు. ఒక్కోదానికి 15.8. అంటే 71 వాట్లు. పిల్లలిద్దరూ గదిలో గెంతారు. ఫ్యాన్ మీద 75 అని ఉంది, వచ్చింది 71, ఎందుకని చిన్నమ్మాయే అడిగింది. వోల్టేజీ చూస్తే 222 ఉంది.

ఇంకో గదిలో పాత డబ్బా రెగ్యులేటర్ ఉంది. ఫ్యాన్‌ని ఒకటో నంబరుకి తగ్గించాం, రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరిగింది. కానీ మెరుపుల మధ్య సమయం అనుకున్నంత పెరగలేదు. డబ్బా మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. మిగిలిన కరెంటు ఎక్కడికి పోతోందో పుస్తకంలో చదివినప్పుడు రాని ముఖం ఆ పిల్లకి చెయ్యి పెట్టినప్పుడు వచ్చింది.

ఇప్పుడు ఒక విషయం దాచకుండా చెప్పాలి. నెల కిందట పిల్లలు ఎల్‌ఈడీ బల్బుకు మల్టీమీటర్‌తో కరెంటు కొలిచారు. 0.08 ఆంపియర్లు వచ్చింది. 230తో గుణిస్తే 18 వాట్లు. డబ్బా మీద 9 అని ఉంది. తప్పు కొలిచారని నేనే అనుకుని, 18 చెరిపేసి 9 రాయమన్నాను. నోట్‌బుక్‌లో రబ్బరు మరక ఇప్పటికీ ఉంది. ఈరోజు మీటరుతో చూస్తే నిజంగానే 9కి దగ్గరగా వచ్చింది. మరి ఆ 18 ఎక్కడిది? పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈఈఈ_మూడో_ఏడాది, రాత్రి 9:55

సార్, పిల్లలు తప్పు కొలవలేదు! అది పవర్ ఫ్యాక్టర్.

వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వాట్లు రావాలంటే రెండూ అడుగులో అడుగేసి నడవాలి. గుండు బల్బులో అలాగే నడుస్తాయి, అందుకే అక్కడ మల్టీమీటర్ లెక్కా, మీటరు లెక్కా ఒకటే వస్తాయి. చవక ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ వోల్టేజీ అల శిఖరానికి చేరినప్పుడు మాత్రమే కాసేపు గబుక్కున కరెంటు లాక్కుంటుంది, మిగతా సమయం ఊరుకుంటుంది. అందుకని గుణిస్తే 18 వోల్ట్ ఆంపియర్లు వస్తుంది, నిజంగా ఖర్చయ్యే సామర్థ్యం 9 వాట్లే. తొమ్మిదిని పద్దెనిమిదితో భాగిస్తే సగం, అదే ఆ బల్బు పవర్ ఫ్యాక్టర్. ఇంటి మీటరు కిలోవాట్ అవర్లే లెక్కేస్తుంది కాబట్టి బిల్లులో పడేది 9 వాట్ల లెక్కే.

మేము ఇది ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ల్యాబ్‌లో చూశాం. మీ పిల్లలు తొమ్మిదిలోనే తమంతట తాము పట్టుకున్నారు.

గైడ్_టీచర్_కరీంనగర్, రాత్రి 10:30

సార్, దయచేసి ఆ 18ని తిరిగి రాయించండి. మరక మీదే కాదు, పక్కన. "మొదట 18 వచ్చింది, తప్పనుకుని చెరిపాం, మీటరుతో చూశాక రెండూ నిజమేనని తెలిసింది" అని తేదీ వేసి పిల్ల చేత్తోనే రాయించండి. ఆ పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టండి. నా మాట నమ్మండి, మీ ప్రాజెక్టు మొత్తంలో దీనంత విలువైన పేజీ లేదు. 32 ఇళ్ల సర్వే ఎవరైనా చేస్తారు. తమకొచ్చిన రెండు అంకెలు ఎందుకు కలవలేదో వెతికిన పిల్లలు తక్కువ.

నోట్‌బుక్‌ని ఫెయిర్ చేయించొద్దు. చాలామంది గైడ్ టీచర్లు చివరి వారం కొత్త పుస్తకంలో అందంగా ఎక్కించేస్తారు. మట్టి చేతుల గుర్తులు, కొట్టివేతలు ఉన్న పుస్తకాన్నే జడ్జీ నమ్ముతాడు.

డీటీపీ_సిరిసిల్ల, మూడో రోజు, ఉదయం 10:00

నాది ప్రింటింగ్ షాపు. ఈ సీజన్లో బడి చార్టులు చాలా వస్తాయి, అందుకని రాస్తున్నా.

ఒకటి, మెరిసే ఫ్లెక్సీ వద్దు. హాల్లో ట్యూబ్‌లైట్ దానిమీద పడి మధ్యలో తెల్లటి మచ్చలా కనిపిస్తుంది, ఎదురుగా నిలబడ్డవాళ్లకు అక్షరం కనపడదు. మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీసి అట్టకు అంటించుకోండి. లేదా తెల్ల చార్టు మీద స్కెచ్ పెన్నుతో పిల్లల చేతే రాయించండి, అది ఇంకా బాగుంటుంది.

తెలుగుకు ఇంకో తిప్పలుంది. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తు కింది వరస తలకట్టు మీద కూర్చుంటుంది. బోల్డ్ అక్షరమైతే మరీనూ. వరసకూ వరసకూ మధ్య ఒక అక్షరం ఎత్తంత ఖాళీ వదలండి. వాట్సాప్‌లో పంపిన మ్యాటర్‌ను షాపుల్లో పాత ఫాంట్లలోకి మారుస్తారు, అప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. 'విద్యుత్' అనే మాట ముక్కలై రావడం ఎన్నిసార్లు చూశానో. ప్రూఫ్ చేతికి తీసుకుని అక్షరం అక్షరం చదివాకే ప్రింట్ అనండి.

రెండడుగుల దూరం కాదు, ఆరడుగుల దూరం నుంచి చూడండి. అక్కణ్ణుంచి చదవలేని వాక్యం తీసేయండి.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్_వరంగల్, ఉదయం 11:40

పదో తరగతిలో నేను ఇదే కాంగ్రెస్‌లో రాష్ట్ర స్థాయి దాకా వెళ్లాను. ఆ అనుభవంతో రెండు మూడు మాటలు.

శీర్షిక 'గ్రామీణ గృహాలలో విద్యుత్ వినియోగ అధ్యయనం' లాంటిది పెట్టకండి. ప్రశ్న పెట్టండి. "ఒక్క యూనిట్ కరెంటుతో మీ ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతుంది?" అని పెద్ద అక్షరాలతో. జవాబు కింద: 75 వాట్లదైతే 13 గంటల 20 నిమిషాలు, 28 వాట్లదైతే దాదాపు 35 గంటల 40 నిమిషాలు. ఎవరి ఇంట్లోనైనా ఫ్యాన్ ఉంటుంది, వాళ్లు ఆగి తమ ఇంటి లెక్క వేసుకుంటారు.

గ్రాఫ్‌లో నిలువు గీత సున్నా నుంచే మొదలవ్వాలి. తేడా పెద్దగా కనిపించాలని 50 నుంచి మొదలుపెట్టిన టీమ్‌ని జడ్జీ అక్కడికక్కడే అడగడం చూశాను, పాపం జవాబు చెప్పలేకపోయారు.

ఇక మాటలు. మనం రోజూ కరెంటు, పవర్, శక్తి అన్నీ ఒకే అర్థంలో వాడేస్తాం. జడ్జీ మొదట పట్టుకునేది అక్కడే. శక్తి వేరు, సామర్థ్యం వేరు, దక్షత వేరు. వాట్లలో చెప్పేది సామర్థ్యం (పవర్), యూనిట్లలో బిల్లు కట్టేది శక్తికి, తీసుకున్న శక్తిలో ఎంత పనికొచ్చిందో చెప్పేది దక్షత. 28 వాట్ల ఫ్యాన్ 'తక్కువ శక్తి ఫ్యాన్' అని చార్టు మీద ఉంటే మార్చండి.

చివరిది, మా సార్ నాకు ఇంగ్లీష్‌లో రెండు పేజీలు బట్టీ పట్టించారు. జిల్లా స్థాయిలో మధ్యలో ఒక మాట మర్చిపోయి మొత్తం ఆగిపోయాను. రాష్ట్ర స్థాయిలో తెలుగులో చెప్పాను, ఎక్కడ ఆపి ఏం అడిగినా చెప్పగలిగాను. ఇంగ్లీష్ మీడియం పిల్లలైనా సరే, తమకు వచ్చిన భాషలో చెప్పనివ్వండి సార్.

గోదావరిఖని_యువకుడు, మధ్యాహ్నం 3:15

మన కరెంటు పుట్టేది మా రామగుండంలోనే కదా. ఎన్టీపీసీ 2600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు, దాని రిజర్వాయర్ నీళ్ల మీద 2022 నుంచి నడుస్తున్న 100 మెగావాట్ల తేలియాడే సోలార్. ఒక చార్టు మీద అది, సింగరేణి బొగ్గు, బొగ్గుపులుసు వాయువు లెక్క, నీళ్లు పైకి తోడి శక్తి దాచే పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ, కర్నూలు సోలార్ పార్క్ అన్నీ మ్యాప్‌లో పెడితే పెద్ద స్థాయిలో ఉంటుంది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్_వరంగల్, మధ్యాహ్నం 3:40

తమ్ముడూ, సమాచారం మంచిదే, కానీ వద్దు. వాళ్లు కొలిచింది ఫ్యాన్లు. మ్యాప్ పెడితే జడ్జీ మ్యాప్ గురించి అడుగుతాడు, పిల్లలకు తెలిసింది పక్కకు పోతుంది. రామగుండం ఒక్కటి ఉంచొచ్చు, అదీ ఒక్క వాక్యం: మిగిలిన యూనిట్‌కు అక్కడ కాలే బొగ్గు మిగులుతుందని. పిల్లలు ఆ పొగ గొట్టాలు బస్సులో వెళ్తూ చూసే ఉంటారు.

లెక్కల_సార్_మెట్‌పల్లి, సాయంత్రం 6:10

జడ్జీ తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది, ఎవరూ ఎత్తలేదు. "గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితమే కదా, మీ ఊరివాళ్లు ఎందుకు పొదుపు చేయాలి, రెండున్నర వేలు పెట్టి కొత్త ఫ్యాన్ ఎందుకు కొనాలి?" 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. మీ 32 ఇళ్లలో చాలావరకు అవే అయి ఉంటాయి.

జవాబు మీ నోట్‌బుక్‌లోనే ఉంది. 200 దాటిన నెల ఆ ఇంటికి మొత్తం బిల్లు పడుతుంది. ఏప్రిల్, మేలో ఎన్ని ఇళ్లు దాటుతున్నాయో పాత బిల్లులు అడిగి చూడండి. లెక్క ఇదీ: రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ 75 నుంచి 28 వాట్లకు మారితే నెలకు సుమారు 17 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లున్న ఇంటికి 51. ఎండాకాలం 230 వాడే ఇల్లు 180కి దిగుతుంది. దాటని ఇంటి సంగతి నిజాయితీగా చెప్పాలి: వాళ్ల జేబుకు తేడా లేదు, ఆ కరెంటు డబ్బు ప్రభుత్వం కడుతోంది, అంటే మనందరం కడుతున్నాం.

బడి_భౌతికం, ఐదో రోజు, రాత్రి 8:50

లెక్కల సార్, ఈ ప్రశ్నే మా పెద్దమ్మాయి వాళ్ల నాన్న అడిగారట: "ఫ్రీ కరెంటుకు ఈ లెక్కలేంటే" అని. రెండు రోజులు మళ్లీ ఇళ్లు తిరిగారు. మే నెల బిల్లు దాచుకున్నవాళ్లు 19 మందే దొరికారు. వాళ్లలో 200 దాటిన ఇళ్లు 5. ఆ ఐదింట్లో నాలుగిళ్లకు నాలుగేసి ఫ్యాన్లు. మిగతా 13 ఇళ్ల బిల్లులు దొరకలేదని చార్టు మీదే రాయించాను.

పలక తయారైంది. ఎలక్ట్రీషియన్ డబ్బులు తీసుకోనన్నాడు, ఆయన కూతురు మా ఆరో తరగతి. చార్టులు నాలుగే. మొదటిది ప్రశ్న, రెండోది మెరుపు లెక్క, మూడోది 32 ఇళ్లు, నాలుగోది ఆ 18 కథ. నాలుగోదాన్ని చిన్నమ్మాయి తనే రాసింది. "మేము చెరిపిన అంకె" అని పేరు పెట్టింది. నేను మార్చలేదు.

ఒక టెన్షన్ మిగిలింది. పెద్దమ్మాయి బాగా మాట్లాడుతుంది. చిన్నమ్మాయికి కొత్తవాళ్ల ముందు గొంతు రాదు. పని సగానికి పైగా ఆ పిల్లదే.

తొమ్మిదో_క్లాసు_అమ్మ, రాత్రి 9:30

స్టాప్‌వాచ్ ఆ పిల్ల చేతిలో పెట్టండి సార్. ఉపన్యాసం పెద్దమ్మాయి చెప్పనీ. "ఇప్పుడు మెరుస్తుంది చూడండి" అని చిన్నమ్మాయి చెప్పాలి. చేతికి పని ఉంటే నోరు అదే తెరుచుకుంటుంది, మా అబ్బాయితో నేను చూసిందే చెబుతున్నా.

గైడ్_టీచర్_కరీంనగర్, రాత్రి 9:50

రిహార్సల్ మీ ముందు కాకుండా ఆరో తరగతి పిల్లల ముందు పెట్టండి. వాళ్లడిగేంత సూటి ప్రశ్నలు మనం అడగలేం. వెళ్లేటప్పుడు సంచిలో అదనపు గుండు బల్బులు రెండు, టెస్టర్, పొడవైన ఎక్స్‌టెన్షన్ బాక్స్, డబుల్ సైడ్ టేపు, కత్తెర. గుండు బల్బు ఇప్పుడు ప్రతి షాపులో దొరకడం లేదు, ముందే వెతికి పెట్టుకోండి.

బడి_భౌతికం, పన్నెండో రోజు, రాత్రి 10:05

నిన్న అయిపోయింది. అందరికీ చెప్పాలని ఆగలేక రాస్తున్నాను.

పొద్దున హాల్లో గంటన్నర కరెంటే లేదు. మీటరు చచ్చిపోయినట్టు కూర్చుంది. అప్పుడు పిల్లలు నోట్‌బుక్ తెరిచి, 18 పేజీ చూపించి, వచ్చినవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు. కరెంటు వచ్చాక గుండు బల్బు వెలిగించారు. ఒక జడ్జీ మేడమ్ స్టాప్‌వాచ్ తీసుకుని ఎల్‌ఈడీ కోసం రెండు నిమిషాలూ నిలబడ్డారు. చిన్నమ్మాయి మొదట గొణిగింది. నిమిషం అయ్యాక "మేడమ్, ఇంకా సగమే నిండింది" అంది. ఆవిడ "ఏది నిండింది?" అని అడిగారు. అంతే, 1125 జౌళ్ల నుంచి మొదలుపెట్టి డబ్బా రెగ్యులేటర్ దాకా ఆగకుండా చెప్పింది. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. ఇంట్లో బిల్లు దొరకని 13 ఇళ్ల గురించి కూడా తనే ముందు చెప్పింది, వాళ్లు అడగకముందే.

ఫలితాలు వచ్చే వారం. పిల్లలు ఆ సంగతి మాట్లాడటం లేదు. బస్సులో వస్తూ ఇద్దరూ నన్ను పట్టుకున్నారు. బడిలో నీళ్ల ట్యాంకు మోటారు ఒక హార్స్‌పవర్‌ది, దాన్ని కొలుస్తారట. ఏఈ సార్, అదే మీటరు సరిపోతుందా?

విశ్రాంత_ఏఈ, పదమూడో రోజు, ఉదయం 5:55

చదివి చాలా సంతోషమేసింది. ఆ చిన్నమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

సరిపోతుంది సార్, సింగిల్ ఫేజ్ మోటారే అయితే. మీటరు మీద ఎన్ని ఆంపియర్ల దాకా అని రాసి ఉంటుంది, ముందు అది చూడండి. స్టార్టింగ్‌లో మోటారు చాలా ఎక్కువ లాగుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు అని పిల్లలు లెక్కేస్తారు, కానీ అది మోటారు బయటికిచ్చేది. లోపలికి తీసుకునేది అంతకన్నా ఎక్కువ. ఆ తేడా ఎంతో వాళ్లనే కనుక్కోనివ్వండి. వెయ్యి వాట్ల దగ్గర మీటరు సెకనుకు కాస్త అటూ ఇటూగా ఒకసారి మెరుస్తుంది, కంటితో లెక్క తప్పుతుంది. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి లెక్కపెట్టమనండి. ట్యాంకు ఎన్ని లీటర్లు, నిండటానికి ఎన్ని నిమిషాలు, నీళ్లు ఎంత లోతు నుంచి వస్తున్నాయి, ఈ మూడూ పక్కనే రాసుకోవాలి.

మీ ఊరు మాకు నలభై కిలోమీటర్లు. బిగించే రోజు చెప్పండి, నేనూ వస్తాను.